చేతి తిమ్మిరికి సరైన కోడ్: కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ గూర్చి ఒక పాఠము



ఆసుపత్రికి వచ్చిన ప్రతి రోగి కేస్ షీటు చివరికి రికార్డు గదికి చేరుతుంది. అక్కడ వైద్యులు రాసిన రోగము పేరు ఒక అక్షరముగా, కొన్ని అంకెలుగా మారుతుంది. దీనినే రోగ నిర్ధారణ కోడింగ్ అంటారు. చూడటానికి ఇది గుమాస్తా పని వలె కనబడుతుంది గాని, రోగి బీమా సొమ్ము, అతని తదుపరి చికిత్స, మన జిల్లాలో ఏ వ్యాధి ఎంత ఉన్నదనే లెక్క ఈ కోడ్ మీదనే ఆధారపడి ఉంటాయి. ఈ సంచికలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనే ఒక్క వ్యాధిని తీసుకొని, దానికి కోడ్ ఎలా వేయాలో, ఎక్కడ తప్పు దొర్లే అవకాశము ఉన్నదో తెలుసుకొందాము. రికార్డు గదిలో పని చేసేవారికి, నర్సులకు, నర్సింగ్ విద్యార్థులకు ఇది పాఠముగా ఉపయోగపడుతుంది. చేతులు తిమ్మిరెక్కి బాధపడుతున్నవారు కూడా దీనిని చదివితే, వైద్యులతో ఏమి చెప్పాలో తెలుస్తుంది.

మణికట్టులో ఏమి జరుగుతుంది?

మన మణికట్టు లోపలి వైపున ఒక ఇరుకైన దారి ఉంది. దాని అడుగున, ప్రక్కలను చిన్న చిన్న ఎముకలు ఉంటాయి. పైన గట్టి పట్టీ వంటి కణజాలము కప్పి ఉంటుంది. ఈ దారి గుండా వ్రేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరము అరచేతిలోనికి వెళ్తాయి. ఎముకలు సాగవు, పై పట్టీ కూడా సాగదు. కనుక లోపల ఏ కొంచెము వాపు వచ్చినా, నొక్కుకుపోయేది మెత్తనైన నరమే.

ఈ నరము బొటనవేలికి, చూపుడు వేలికి, నడిమి వేలికి, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగానికి స్పర్శను ఇస్తుంది. చిటికెన వేలికి స్పర్శనిచ్చేది అల్నార్ అనే మరొక నరము. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంటే, ఈ పాఠములో సగము వచ్చినట్లే.

వ్యాధి గల వ్యక్తికి రాత్రి నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి, మండినట్లయి మెలకువ వస్తుంది. లేచి చెయ్యి విదిలిస్తే కొంత ఉపశమనము కలుగుతుంది. పగటి పూట గిన్నె పట్టుకున్నప్పుడు, సైకిలు హ్యాండిలు పట్టుకున్నప్పుడు, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు తిమ్మిరి వస్తుంది. వ్యాధి ముదిరితే బొటనవేలి మొదట ఉండే కండ తగ్గిపోతుంది. జాకెట్టు హుక్కు పెట్టుకొనుట, సూదిలో దారము ఎక్కించుట కష్టమవుతుంది.

ఇది పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ. గర్భము, మధుమేహము, థైరాయిడ్ తక్కువగా పని చేయుట, కీళ్ళవాతము, ఊబకాయము, మణికట్టు దగ్గర ఎముక విరుగుట దీనికి తోడ్పడే కారణములు. బలముగా పట్టుకొని ఒకే కదలికను పదే పదే చేసే పనులు, చేతికి అదురు పుట్టించే యంత్రములతో చేసే పనులు కూడా దీనిని తెచ్చిపెట్టగలవు.

వైద్యులు రెండు సులువైన పరీక్షలు చేస్తారు. రెండు మణికట్టులను ఒక నిమిషము పాటు క్రిందికి వంచి ఉంచి, తిమ్మిరి వస్తుందా అని చూచుట ఫేలెన్ పరీక్ష. మణికట్టు మీద వ్రేలితో తట్టినప్పుడు వ్రేళ్ళలోనికి జివ్వుమని లాగుతుందా అని చూచుట టినెల్ పరీక్ష. అవసరమైతే నరములో విద్యుత్ సంకేతము ఎంత వేగముగా ప్రయాణిస్తుందో కొలిచే పరీక్ష కూడా చేయిస్తారు.

ఈ కోడ్ సంఖ్యలు ఎక్కడ నుండి వచ్చాయి?

ఒక్కొక్క దేశము, ఒక్కొక్క ఆసుపత్రి తమకు తోచిన పేర్లతో రోగములను రాసుకుంటే వాటిని పోల్చుట సాధ్యము కాదు. అందుచేత 1893లో షికాగో నగరములో జరిగిన సమావేశములో, ప్యారిస్‌కు చెందిన గణాంక శాస్త్రవేత్త జాక్ బెర్టియాన్ తయారు చేసిన మరణ కారణముల పట్టికను అంగీకరించారు. 1948లో జరిగిన ఆరవ సవరణ నుండి ఈ బాధ్యతను ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకొంది. అప్పటి నుండి మరణములకే గాక, బ్రతికి ఉన్నవారి రోగములకు కూడా సంఖ్యలు చేరాయి. దీనినే ఐ.సి.డి. అని పిలుస్తాము.

పదవ సవరణ, అనగా ఐ.సి.డి.-10, 1990లో ఆమోదము పొంది 1994 నుండి వాడుకలోనికి వచ్చింది. పదకొండవ సవరణను 2019లో ఆమోదించారు. అది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. అయినను ప్రతి దేశము తన వీలును బట్టి మారుతుంది కనుక, పదవ సవరణ తెలియకుండా నేడు రికార్డు గదిలో పని చేయుట కష్టము. ఈ పాఠమును ముఖ్యముగా దాని ఆధారముగానే చెప్పుకొందాము.

జి56.0: విడదీసి చదువుదాము

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కోడ్ జి56.0. దీనిని ఎడమ నుండి కుడికి విడదీసి చదవాలి.

"జి" అనే అక్షరము నాడీమండల వ్యాధుల అధ్యాయమును తెలుపుతుంది. చాలామంది కొత్తవారు మణికట్టు నొప్పి గదా అని ఎముకలు, కీళ్ళ వ్యాధులుండే "ఎమ్" అధ్యాయములో వెదకుతారు. బాధ మణికట్టు దగ్గర ఉన్నా, దెబ్బ తగిలినది నరమునకు. కనుక ఇది నాడీమండల అధ్యాయములో ఉంది.

"జి56" అనగా చేతిలో ఒక్క నరమునకు సంబంధించిన వ్యాధులు. చుక్క తరువాతి అంకె ఏ నరమో, ఏ విధమైన వ్యాధో చెబుతుంది:

జి56.0 – కార్పల్ టన్నెల్ సిండ్రోమ్
జి56.1 – మీడియన్ నరమునకు సంబంధించిన ఇతర వ్యాధులు
జి56.2 – అల్నార్ నరము వ్యాధి
జి56.3 – రేడియల్ నరము వ్యాధి
జి56.9 – చేతి నరము వ్యాధియే గాని, ఏదో తెలుపబడనిది

చివరి కోడ్‌ను "ఏదో ఒకటి వేసేద్దాము" అనుకున్నప్పుడు వాడే సంచి వలె చేసుకొనరాదు. కేస్ షీటులో వివరము ఉండగా జి56.9 వేయుట, రోగి చెప్పినది, వైద్యులు చూచినది రెంటినీ పారవేసినట్లే.

కోడ్ వెదకే పద్ధతి

ఐ.సి.డి.-10 మూడు సంపుటములు. మొదటి సంపుటములో కోడ్‌లు వరుసగా ఉంటాయి. రెండవ దానిలో నియమములు ఉంటాయి. మూడవది అక్షర క్రమములో సూచిక. పని మూడవ సంపుటముతో మొదలై, మొదటి సంపుటముతో ముగియాలి.

1. వైద్యులు రాసిన పేరులో ముఖ్య పదమును గుర్తించాలి. ఇక్కడ ముఖ్య పదము "సిండ్రోమ్". శరీర భాగము పేరు ముఖ్య పదము కాదు.
2. సూచికలో ఆ పదము క్రింద "కార్పల్ టన్నెల్" అని వెదకితే జి56.0 కనబడుతుంది.
3. అక్కడితో ఆగిపోకుండా మొదటి సంపుటములో జి56 దగ్గరకు వెళ్ళి చూడాలి. పైన, క్రింద "ఇవి ఇందులో చేరవు" అనే గమనికలు ఉన్నవేమో చదవాలి. ఉదాహరణకు, అప్పుడే తగిలిన గాయము వలన నరము దెబ్బతింటే అది జి56లో చేరదు. అది గాయముల అధ్యాయమునకు వెళ్తుంది.
4. చివరగా కోడ్‌ను, దాని ప్రక్కన రోగము పేరును, ఏ చెయ్యో కూడా రాయాలి.

నాలుగవ మెట్టును గూర్చి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జి56.0లో కుడి, ఎడమ తేడా లేదు. కనుక "కుడి" అనో, "ఎడమ" అనో, "రెండు చేతులు" అనో మాటలలో రాయకపోతే ఆ సమాచారము పోతుంది. ఆరు నెలల తరువాత రెండవ చేతికి శస్త్రచికిత్స అవసరమై రోగి తిరిగి వచ్చినప్పుడు, "ఇదే శస్త్రచికిత్సకు ఇంతకుముందే సొమ్ము ఇచ్చాము గదా" అని బీమావారు ప్రశ్నించవచ్చు. ఒక్క మాట రాయనందుకు పేద కుటుంబము ఆసుపత్రి చుట్టూ తిరగవలసి వస్తుంది.

పొడి అక్షరములను గూర్చి కూడా జాగ్రత్త అవసరము. కేస్ షీటులో "సి.టి.ఎస్." అని రాసి ఉంటే అది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కావచ్చు, గుండె, ఊపిరితిత్తుల శస్త్రచికిత్స విభాగము కూడా కావచ్చు. పూర్తి పేరు రాయమని వైద్యులను కోరుట అమర్యాద కాదు.

అనుమానమా? నిర్ధారణా?

ఈ పాఠములో అతి ముఖ్యమైన భాగము ఇదే.

ఓ.పి.లో రద్దీ ఎక్కువ. వైద్యులు "సి.టి.ఎస్." అని రాసి ముందు ఒక ప్రశ్నార్థకము పెడతారు. దాని అర్థము, "ఇది కావచ్చు, ఇంకా తేలలేదు" అని. రికార్డు గదిలో ఆ ప్రశ్నార్థకమును ఏమి చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము ప్రకారము, ఆ విడత వైద్యము ముగిసే సమయానికి కూడా "అనుమానము" అనే రాసి ఉండి, వేరే సమాచారము గాని, వివరణ గాని లేనట్లయితే, ఆ రోగము స్థిరపడినట్లుగానే కోడ్ వేయాలి. అంటే ఆ చిన్న ప్రశ్నార్థకము కోడ్‌లో మాయమైపోతుంది. కాగితము మీద అనుమానము, లెక్కలలో నిశ్చయముగా మారుతుంది. తరువాత వచ్చిన వైద్యులు పాత రికార్డు తెరచి చూచినప్పుడు జి56.0 కనబడుతుంది. "ఇదివరకే తేల్చారు" అనుకొని మరల పరీక్షించకపోవచ్చు.

కనుక మేము వైద్యులకు, నర్సులకు చేసే మనవి ఇది. ఇంకా తేలని పక్షమున లక్షణమునే ముఖ్య రోగముగా రాయండి. "కుడి చేతి మూడు వ్రేళ్ళ తిమ్మిరి, కారణము పరిశీలనలో ఉన్నది" అని రాస్తే, చర్మపు తిమ్మిరికి ఉన్న ఆర్20.2 వేయవచ్చు. స్పర్శ పూర్తిగా లేకపోతే ఆర్20.0 ఉంది. చెయ్యి నొప్పి మాత్రమే అయితే ఎమ్79.6 ఉంది. పరీక్షలన్నీ చేసి నరముల వ్యాధి లేదని తేలితే, అనుమానముతో పరిశీలించినట్లు తెలిపే జెడ్03.3 కోడ్ ఉంది. లక్షణమునకు కోడ్ వేయుట చేతకానితనము కాదు. తెలిసినంత వరకే చెప్పుట సత్యమైన రికార్డు.

అదే చెయ్యి, వేరే వ్యాధి

చెయ్యి తిమ్మిరెక్కిన ప్రతివారికి కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ ఉండదు. తరచుగా పొరబడేవి ఇవి:

మెడ ఎముకల మధ్యనున్న డిస్కు నరపు వేరును నొక్కుట. మెడ నుండి భుజము మీదుగా చేతిలోనికి నొప్పి లాగుతుంది. కోడ్ ఎమ్50.1.

మోచేతి దగ్గర అల్నార్ నరము నొక్కుకొనుట. చిటికెన వేలు, దాని ప్రక్క వేలు తిమ్మిరెక్కుతాయి. కోడ్ జి56.2.

మధుమేహము వలన అనేక నరములు దెబ్బతినుట. ముందు పాదములలో మొదలై, తరువాత రెండు చేతులకు తొడుగు వేసినట్లు తిమ్మిరి వస్తుంది. రెండవ రకము మధుమేహమైతే ఇ11.4, దానికి జతగా జి63.2 వేస్తారు. పుస్తకములో మొదటి దానికి కటారు గుర్తు, రెండవ దానికి నక్షత్ర గుర్తు ఉంటాయి. కటారు గుర్తు మూల వ్యాధికి, నక్షత్ర గుర్తు దాని వలన కలిగిన హానికి. నక్షత్ర గుర్తు గల కోడ్‌ను ఒంటరిగా ఎన్నడూ వేయరాదు.

బొటనవేలి మొదట స్నాయువు పొర వాపు. తిమ్మిరి ఉండదు, మణికట్టు ప్రక్కన నొప్పి ఉంటుంది. కోడ్ ఎమ్65.4.

వీటన్నిటికంటె మరువకూడనిది కుష్ఠు వ్యాధి. 2005 డిసెంబరు నాటికి మన దేశములో, జాతీయ స్థాయిలో, ఈ వ్యాధి పదివేల మందికి ఒకరి కంటె తక్కువకు వచ్చింది. అంతటితో కుష్ఠు పోయిందని చాలామంది అనుకున్నారు. అది పోలేదు. నేటికీ కొత్త రోగులు మన గ్రామములలో కనబడుతూనే ఉన్నారు. ఈ వ్యాధి క్రిమి చర్మమును, నరములను పట్టుకుంటుంది. మోచేతి దగ్గర అల్నార్ నరము, మణికట్టుకు కొంచెము పైన మీడియన్ నరము కూడా దెబ్బతింటాయి. అప్పుడు రోగి చెప్పేది అదే మాట: "చెయ్యి మొద్దుబారింది."

తేడా ఎలా కనిపెట్టాలి? కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌లో సాధారణముగా నొప్పి, మంట రోగిని నిద్ర లేపుతాయి. కుష్ఠులో చాలాసార్లు నొప్పి ఉండదు. వేడి గిన్నె పట్టుకొని బొబ్బ వచ్చినా తెలియదు. శరీరము మీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉండి, దానిపై స్పర్శ ఉండదు. నరమును వ్రేళ్ళతో తడిమితే త్రాడు వలె లావుగా తగులుతుంది. కళ్ళు మూయించి, బాల్ పెన్ను మొనతో మెల్లగా తాకి, "ఎక్కడ తగిలిందో చూపించండి" అని అడుగుట ఏ గ్రామ ఆరోగ్య కార్యకర్తయైనా చేయగల పరీక్ష.

ఇటువంటి రోగికి తొందరపడి జి56.0 వేసినట్లయితే, మణికట్టు పట్టీ ఇచ్చి ఇంటికి పంపుతాము. నెలలు గడుస్తాయి. లోపల నరము నశిస్తూనే ఉంటుంది. వ్రేళ్ళు వంకర తిరిగిన తరువాత మందు ఇచ్చినా పోయిన స్పర్శ చాలాసార్లు తిరిగి రాదు. ముందే కనిపెడితే బహుళ ఔషధ చికిత్స ఉచితముగా దొరుకుతుంది. మచ్చల సంఖ్యను, వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు వాడాలి. కుష్ఠు కోడ్‌లు ఎ30తో మొదలవుతాయి. ఎ30 వేసిన రోగి జిల్లా లెక్కలోనికి వస్తాడు. అతని ఇంటివారిని కూడా పరీక్షిస్తారు. జి56.0 వేసిన రోగి ఆ లెక్కకు రాడు. ఒక కోడ్‌కు, మరొక కోడ్‌కు మధ్య ఒక కుటుంబము ఉందని గ్రహించాలి.

తోడుగా ఉన్న కారణములు

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ నిజముగానే ఉన్నప్పుడు, దాని వెనుకనున్న కారణమును కూడా రికార్డు చేయుట మంచిది.

గర్భిణీ స్త్రీలలో: గర్భమునకు సంబంధించిన అధ్యాయము తక్కిన వాటికంటె ముందు చూడాలి. గర్భము వలననే చేతి నరములకు ఈ బాధ కలిగినదని వైద్యులు రాస్తే ఓ26.8ను ముందు వేసి, జి56.0ను అదనముగా చేర్చవచ్చు. ఇక్కడ మొదటిది "ఓ" అక్షరము, సున్న కాదు. కంప్యూటర్‌లో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ప్రసవము తరువాత చాలామందికి ఈ బాధ తగ్గిపోతుందని తల్లులకు చెప్పి ధైర్యపరచాలి.

మధుమేహము ప్రక్కన ఉన్నప్పుడు: దాని వలన ఏ హానీ కలుగలేదని రాసి ఉంటే జి56.0తోపాటు ఇ11.9 వేయాలి. మధుమేహము వలననే ఈ ఒక్క నరము దెబ్బతిన్నదని వైద్యులు రాస్తే ఇ11.4, జి59.0 జతను చూడాలి. ఏది నిజమో నిర్ణయించవలసినది వైద్యులే. రికార్డు గదిలో ఊహించరాదు.

థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు: వేరే వివరము లేకపోతే ఇ03.9 అదనముగా వేయాలి.

పని వలన కలిగినప్పుడు: వై96 అనే అదనపు కోడ్ ఉంది. పని సంబంధమైన వ్యాధి అని దీని అర్థము. దీనిని ఒంటరిగా వేయరు. కుట్టుపని, బీడీలు చుట్టుట, రాళ్ళు కొట్టుట, డ్రిల్లింగ్ యంత్రము పట్టుట వంటి పనులు చేసేవారి కేస్ షీటులో "కూలి" అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏమి కూలియో, రోజుకు ఎన్ని గంటలో రాయాలి. అది లేకుండా ఈ కోడ్ వేయుటకు ఆధారము ఉండదు.

శస్త్రచికిత్సకు కోడ్ వేరు

రాత్రి పూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ, అవసరమైతే స్టెరాయిడ్ సూది మందు, వీటితో తగ్గనప్పుడు లేక కండ క్షీణించినప్పుడు పై పట్టీని కోసి నరమునకు చోటు కల్పించే శస్త్రచికిత్స చేస్తారు. జి56.0 రోగము పేరు మాత్రమే, చికిత్స పేరు కాదు. శస్త్రచికిత్సకు వేరే జాబితాలు ఉన్నాయి. పాత ఐ.సి.డి.-9-సి.ఎం. మూడవ సంపుటములో దీని సంఖ్య 04.43. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములకు తమ స్వంత ప్యాకేజీ సంఖ్యలు ఉంటాయి. వాటిని ఐ.సి.డి. కోడ్ అనుకొనరాదు. రోగము కోడ్, చికిత్స కోడ్ ఒకదానికొకటి సరిపోవాలి. "తిమ్మిరి" అని ఆర్20.2 వేసి, నరము విడుదల చేసే శస్త్రచికిత్స బిల్లు పంపితే, ఎందుకు చేశారని అడుగుతారు.

అమెరికా పద్ధతిలో తేడాలు

మన పిల్లలు అనేకులు హైదరాబాదు, చెన్నై నగరములలో ఉండి అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడింగ్ చేస్తున్నారు. వారికి ఈ తేడాలు తెలియాలి. అమెరికాలో 2015 సెప్టెంబరు వరకు 354.0 అనే పాత కోడ్ వాడారు. 2015 అక్టోబరు 1 నుండి ఐ.సి.డి.-10-సి.ఎం. అమలులోనికి వచ్చింది. అందులో అయిదవ గుర్తు తప్పనిసరి: జి56.01 కుడి చెయ్యి, జి56.02 ఎడమ చెయ్యి, జి56.03 రెండు చేతులు, జి56.00 ఏ చెయ్యో తెలుపబడనిది. రెండు చేతులకు గల కోడ్ 2016 అక్టోబరులో చేరింది.

అనుమానము విషయములో కూడా వారి నియమము వేరు. ఓ.పి. రోగికి "కావచ్చు", "అనుమానము" అని రాసి ఉంటే ఆ రోగమునకు కోడ్ వేయరాదు, లక్షణమునకే వేయాలి. కనుక ఇక్కడ నేర్చుకున్న నియమమును అక్కడ, అక్కడిది ఇక్కడ వాడరాదు.

పదకొండవ సవరణలో ఈ వ్యాధి 8సి10.0 అయింది. కుడి, ఎడమ తెలుపుటకు దానికి అదనపు కోడ్ జత చేసే వీలు కల్పించారు.

రోగిని అడుగవలసిన ప్రశ్నలు

మంచి కోడింగ్ రికార్డు గదిలో కాదు, రోగి ప్రక్కన మొదలవుతుంది. నర్సు ఈ విధముగా అడుగవచ్చు:

"అమ్మా, రాత్రి పూట తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా?"
"వస్తోందమ్మా. లేచి విదిలించుకుంటే కాస్త నయము."
"ఏ ఏ వ్రేళ్ళు?"
"బొటనవేలు, ఈ రెండు వ్రేళ్ళు."
"చిటికెన వేలు?"
"దానికేమీ లేదు తల్లీ."
"ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని మచ్చ ఉందా? చెయ్యి కాలినా తెలియకుండా పోయిందా?"
"అటువంటిదేమీ లేదు."

రెండు నిమిషములైనా పట్టదు. ఈ జవాబులు కేస్ షీటులో ఉంటే వైద్యులకు దారి కనబడుతుంది, రికార్డు గదికి కోడ్ దొరుకుతుంది.

అభ్యాసము

క్రింది వాటికి ముందు మీరే జవాబు రాసుకొని, తరువాత సరిచూచుకొనండి.

1. నలభై అయిదేండ్ల దర్జీ. కుడి చేతి మూడు వ్రేళ్ళు రాత్రులు తిమ్మిరి. ఫేలెన్ పరీక్షలో తేలింది, నరము పరీక్షలో నిర్ధారణ అయింది. కుట్టుపని వలన కలిగినదని వైద్యులు రాశారు.
2. ముప్పదేండ్ల వ్యవసాయ కూలీ. చిటికెన వేలు, ప్రక్క వేలు మొద్దుబారాయి, నొప్పి లేదు. మోచేతి దగ్గర నరము లావుగా ఉంది. ఓ.పి. చీటీలో "సి.టి.ఎస్." ముందు ప్రశ్నార్థకము.
3. ఏడవ నెల గర్భిణి. రెండు చేతులు రాత్రులు తిమ్మిరి. గర్భము వలన కలిగిన కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని రాశారు.
4. అరవై ఏండ్ల, రెండవ రకము మధుమేహ రోగి. రెండు పాదములు, రెండు చేతులు తొడుగు వేసినట్లు తిమ్మిరి. మధుమేహము వలన అనేక నరములు దెబ్బతిన్నవని రాశారు.

జవాబులు

1. జి56.0, "కుడి చెయ్యి" అని మాటలలో. అదనముగా వై96.
2. ఇప్పుడే ఏ కోడ్ వేయరాదు. రాసిన రోగమునకు, లక్షణములకు పొత్తు లేదు. చిటికెన వేలు మీడియన్ నరమునకు చెందదు. చీటీని వైద్యుల దగ్గరకు తిరిగి పంపి, చర్మము, నరములు పరీక్షించమని కోరాలి. పరీక్షించి బార్డర్‌లైన్ ట్యూబర్క్యులాయిడ్ రకము కుష్ఠు అని రాస్తే ఎ30.2 వేయాలి. రోగము పేరు మార్చే అధికారము రికార్డు గదికి లేదు గాని, అడిగే బాధ్యత ఉంది.
3. ముందు ఓ26.8, తరువాత జి56.0, "రెండు చేతులు" అని మాటలలో.
4. ఇ11.4, జి63.2 జత. జి56.0 వేయరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

* కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ నరము వ్యాధి. కోడ్ జి56.0.
* చిటికెన వేలు తిమ్మిరెక్కితే ఆగి ఆలోచించండి.
* ఏ చెయ్యో తప్పక రాయండి.
* తేలని రోగమునకు ప్రశ్నార్థకము పెట్టి వదలకండి. లక్షణమును రాయండి.
* నొప్పి లేని తిమ్మిరి, స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు కొరకు పరీక్షించకుండా పంపకండి.
* సూచికలో చూచిన కోడ్‌ను మొదటి సంపుటములో సరిచూడండి.

చేతి తిమ్మిరితో బాధపడుతున్న పాఠకులారా, మీరు ఆసుపత్రికి వచ్చినప్పుడు ఏ వ్రేళ్ళు, ఏ చెయ్యి, ఎప్పుడు, ఏ పని చేస్తుండగా అనే నాలుగు సంగతులు చెప్పండి. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితములో రోగము పేరు, ఏ చెయ్యో సరిగా ఉన్నవో లేదో చూచుకొనండి. చదువు రాకపోతే నర్సమ్మను చదివి వినిపించమని అడగండి. అది మీ హక్కు. చదివి వినిపించుట మా పని.